మార్తాండం పెంపకందార్లు పుట్ట తేనెటీగలను ఇన్ని తరాలుగా ఎలా నిలుపుకున్నారు?

పాడేరు కాఫీ రైతు (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరుకు దగ్గరగా ఉన్న ఒక కొండ గ్రామం. నాలుగెకరాల కాఫీ తోట ఉంది. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించాము, గట్ల మీద పనస, మామిడి, నేరేడు చెట్లున్నాయి. కిందటేడు కార్తీక మాసంలో, వలిసె (నూనె గింజల పంట) చేలన్నీ పసుపు ఆరబోసినట్టు పూసి ఉన్న రోజుల్లో, ఒక వ్యాపారి దగ్గర పది పెట్టెల పుట్ట తేనెటీగలను (పుట్టల్లో, తొర్రల్లో పట్టు పెట్టే మన దేశవాళీ ఈగలను) కొన్నాను. అవి కన్యాకుమారి జిల్లా మార్తాండం నుంచి తెప్పించినవని, అక్కడివారు తాతల కాలం నుంచి ఇదే ఈగను పెంచుకుంటున్నారని ఆయన చెప్పారు.

వలిసె పూత ఉన్నన్నాళ్లు ఈగలు చక్కగా తిరిగాయి. పూత అయిపోయి చలి ముదిరాక, ఒక ఉదయం వెళ్లి చూస్తే మూడు పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. తేనెపట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి గాని వాటి మీద ఈగ ఒక్కటి కూడా లేదు. ఆ తరువాతి నెలలో మరో నాలుగు పెట్టెలలో పిల్లలు అరలలోనే చచ్చిపోవడం మొదలై, చూస్తుండగానే ఆ నాలుగూ పోయాయి. ఇంకొకదానిని చీమలు పట్టాయి. కాఫీ పూసే నాటికి నాకు రెండు పెట్టెలు మిగిలాయి. వ్యాపారి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ తగవు కోసం ఇక్కడ రాయడం లేదు.

నేను తెలుసుకోవాలనుకున్నది వేరు. మార్తాండంలో కూడా ముప్పయ్యేళ్ల కిందట ఏదో జబ్బు వచ్చి ఈగలన్నీ తుడిచిపెట్టుకుపోయాయని విన్నాను. అయినా అక్కడివారు మళ్లీ నిలదొక్కుకున్నారు. మేము చేయనిది వారు ఏమి చేస్తారు? మా ఊళ్లో తేనె తీసే పెద్దలు లేకపోలేదు. మా మేనమామ చెట్టు తొర్రలోని పట్టును వాసన బట్టి కనిపెట్టగలరు. కాని ఆయనకు తెలిసినది పొగ పెట్టి పట్టు కోసి పిండుకురావడమే తప్ప, ఈగలను ఇంటికి తెచ్చి నిలుపుకోవడం కాదు. మళ్లీ దక్షిణాది నుంచే పెట్టెలు కొనమంటారా, లేక వేరే దారి ఉందా? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

కుళిత్తురై నివాసి

మీ ప్రశ్న చూసి ఆగలేక రాస్తున్నాను. నేను రబ్బరు తోటల పని మీద పద్దెనిమిదేళ్లు మార్తాండం పక్కనే కుళిత్తురైలో ఉన్నాను. మా ఇంటి యజమాని డెబ్బయి దాటిన పెంపకందారు. ఆయన పెరట్లో పన్నెండు పెట్టెలు ఉండేవి, చుట్టుపక్కల ఎస్టేట్లలో మరో నూట యాభై దాకా ఉండేవి. నాకు తెలిసినదంతా ఆయన వెనుక తిరిగి చూసినదే.

ఆ ప్రాంతానికి ఈ విద్య వచ్చిన తీరు తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1910ల తొలి సంవత్సరాలలోనే తిరుచిరాపల్లి వైపు ఫాదర్ న్యూటన్ అనే క్రైస్తవ మతగురువు మన పుట్ట తేనెటీగకు సరిపడే చిన్న పెట్టెను తయారు చేసి, పల్లెల వారికి పెంపకం నేర్పారు. అప్పటికి విదేశాలలో వాడుతున్న పెట్టెలు పెద్ద ఈగకు, పెద్ద కుటుంబాలకు తగినవి. మన ఈగ ఒంటికి చిన్నది, కుటుంబమూ చిన్నదే. 1920లలో స్పెన్సర్ హాచ్ అనే అమెరికన్ మార్తాండంలో వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువజన సంస్థ తరఫున గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నడిపినప్పుడు, పేద రైతు తన ఇంటి దగ్గరే చేసుకోగలిగిన పనులలో కోళ్లతో పాటు తేనెటీగలను కూడా చేర్చారు. అప్పటికి అది తిరువాన్కూరు సంస్థానం. స్వాతంత్ర్యానికి ముందే పెంపకందార్లు సహకార సంఘంగా కూడారు. అందువల్ల అక్కడ ఈ పని పెద్ద తోటల యజమానుల చేతిలో కాక, పది సెంట్ల పెరడు ఉన్నవారి చేతిలో పెరిగింది. వడ్రంగికి పెట్టె కొలతలు నోటికి వచ్చు, కుమ్మరికి చీమల పళ్లెం చేయడం వచ్చు, బడికి వెళ్లే పిల్లవాడికి రాణి ఈగను గుర్తు పట్టడం వచ్చు. మీరు పెట్టెలైతే కొన్నారు గాని, ఆ పెట్టెల చుట్టూ ఉన్న ఈ ఊరంతటినీ కొనలేరు కదా.

ఇక వారి రోజువారీ పని. ప్రతి పెట్టెనూ ఒంటి గుంజ మీద నిలబెడతారు. గుంజ మధ్యలో నీళ్లు పోసిన పళ్లెం ఉంటుంది, అది చీమలకు అడ్డు. వానకాలంలో ఆ పళ్లెంలో ఒక ఎండుటాకు పడినా చీమలకు వంతెన అవుతుందని మా యజమాని పొద్దున్నే కాఫీ తాగకముందే పన్నెండు పళ్లేలనూ వేలితో తుడిచి వచ్చేవారు. పెట్టె మూత తీసే ముందు పక్క పలకను చిటికెన వేలితో తట్టి చెవి పెట్టేవారు. లోపల ఈగలన్నీ ఒక్కసారిగా ‘స్స్’ అని బుస కొట్టి వెంటనే ఆగిపోతే కుటుంబం బాగున్నట్టు. బుస సన్నగా, తెగి తెగి వస్తే ఆ రోజు ఆ పెట్టె తప్పక విప్పి చూసేవారు. పొగ చాలా తక్కువగా, కొబ్బరి పీచుతో వేసేవారు. చేతులకు తొడుగులు వేసుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఏడాదిలో వారికి తేనె వచ్చేది ముఖ్యంగా రబ్బరు తోటల నుంచి. చాలామంది రబ్బరు పువ్వు నుంచి తేనె వస్తుందనుకుంటారు, అది నిజం కాదు. చలికాలంలో ఆకు రాల్చిన రబ్బరు చెట్టు మళ్లీ చిగురించినప్పుడు, మూడు ఆకులూ కాడకు అంటుకునే చోట ఉన్న గ్రంథుల నుంచి తీపి నీరు ఊరుతుంది. లేత ఆకు రాగి రంగు నుంచి ఆకుపచ్చకు తిరిగే ఆ రోజులలో ఈగలు తోటలో తెల్లవారుతూనే పని మొదలుపెడతాయి. జనవరి చివరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆ కాలం. అది పోయాక జూన్ నుంచి వానలు. వానల్లో ఈగకు బయట ఏమీ దొరకదు. మీ పెట్టెలకు జరిగినది సరిగ్గా ఇక్కడే అర్థమవుతుంది. ఆ వానకాలం నాలుగు నెలలూ అక్కడి పెంపకందారు పంచదార, నీరు సమపాళ్లలో కలిపిన పాకాన్ని కొబ్బరి చిప్పలో పోసి, ఈగలు మునగకుండా అందులో ఒక పుల్ల వేసి, సాయంత్రం పూట పెట్టెలో పెడతాడు. పగలు పెడితే బలమైన పెట్టె ఈగలు బలహీనమైన పెట్టె మీద పడి దోచుకుంటాయి. కరువు కాలంలో మేపిన పెట్టెలే అక్టోబరు, నవంబరులలో బలం పుంజుకుంటాయి, అప్పుడు ఒక్కొక్కదానిని రెండుగా విడదీస్తారు. అలా విడదీసిన చిన్న కుటుంబాలనే అమ్ముతారు. మీకు కార్తీకంలో వచ్చినవి అలాంటివే అయి ఉంటాయి. వలిసె పూత అయ్యాక మీరు పాకం పెట్టారా? పెట్టకపోతే అవి ఎగిరిపోవడంలో వింత లేదు. తిండి లేని పెట్టెలో మన పుట్ట తేనెటీగ చచ్చేదాకా కూర్చోదు, లేచిపోతుంది.

జబ్బు సంగతి రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే మా యజమాని దాని గురించి చెప్పినప్పుడల్లా మధ్యలో ఆగిపోయేవారు. 1991, 92 సంవత్సరాలలో కేరళ, తమిళనాడు, కర్ణాటకలలో నూటికి తొంభైకి పైగా పెంపుడు కుటుంబాలు నశించాయి. ఆయనకున్న రెండు వందల పెట్టెలలో నాలుగు మిగిలాయట. ఆ ఏడాది పెట్టెల చెక్కలను పొయ్యిలో పెట్టుకున్న ఇళ్లు ఆ ఊళ్లో ఎన్నో ఉన్నాయని చెప్పేవారు. విదేశీ జాతి అయిన ఇటాలియన్ ఈగలను తేవడం వల్లనే ఆ జబ్బు వచ్చిందని ఆయన గట్టిగా నమ్మేవారు. మిగిలిన నాలుగింటినీ ఆయన ఎవరికీ అమ్మలేదు. కొండ అంచులలో, పాత రాతి గోడల సందులలో బతికి ఉన్న అడవి కుటుంబాలను వెతికి తెచ్చి, రెండేళ్ల పాటు ఒక్క చుక్క తేనె తీయకుండా వాటిని విడదీస్తూ పోయారు. అలాంటివారు ఆ చుట్టుపక్కల పదుల సంఖ్యలో ఉన్నారు. ఈనాడు అక్కడ కనిపించే పెట్టెలు చాలావరకు అప్పుడు చావక మిగిలిన ఈగల సంతతే.

ఏలూరు పెట్టెల మనిషి

కుళిత్తురై నివాసి గారు చెప్పినవి చదివాక నాకు చెప్పవలసినవి తక్కువే మిగిలాయి. నేను ఇరవై రెండేళ్లుగా ఇటాలియన్ ఈగలను పెంచుతున్నాను. మొదట విజయరాయిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లి అడిగి తెలుసుకుని ఇరవై పెట్టెలతో ప్రారంభించాను. పొద్దుతిరుగుడు కోసం రాయలసీమకు, నువ్వు పూత కోసం మరోచోటికి రాత్రి పూట లారీలో తీసుకువెళ్తాను. మిగతా రోజులు మా దగ్గరి కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో ఉంచుతాను. ఆయిల్‌పామ్ నుంచి తేనె రాదు గాని మగ గెలల పుప్పొడి పిల్లల పెంపకానికి బాగా పనికివస్తుంది.

మీరు ఇటాలియన్ ఈగకు మారాలని ఎవరైనా సలహా ఇస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పెట్టెకు ఏడాదికి 25 నుంచి 40 కిలోలు వస్తాయన్నది నిజమే, మీ పుట్ట తేనెటీగకు 5 నుంచి 10 కిలోలు వస్తే గొప్ప. కాని ఆ 40 కిలోలు పూత వెంట లారీలో తిరిగితేనే వస్తాయి. నాలుగెకరాల కొండ తోటలో ఒకేచోట కూర్చోబెడితే వాటికి మీరు పోసే పంచదార ఖర్చు తేనె ధరను మింగేస్తుంది. పైగా వరోవా అనే పేను లాంటి పురుగు మా ఈగలకు ప్రాణాంతకం. అది నిజానికి పుట్ట తేనెటీగ మీద పుట్టిన పురుగు. మీ ఈగ దానిని ఒంటి మీద నుంచి దులుపుకుంటుంది. ఆ పురుగు కూడా పోతుటీగల అరలలో తప్ప సరిగా పెరగలేదు. మా ఈగకు ఆ నేర్పు లేదు, అందువల్ల నేను ఏటా ఫార్మిక్ ఆమ్లం, థైమాల్ అనే మందులతో దానితో పోరాడుతూనే ఉండాలి.

ఒక్క విషయం మాత్రం పట్టుబట్టి చెప్పదలచుకున్నాను. మీ మేనమామ గారి చేత పట్టు పిండించకండి. పిండిన తేనెలో పిల్లల రసం, పుప్పొడి, మైనం కలిసి త్వరగా పులుస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు, కొండ ప్రాంతపు తేనెలో అది ఊరికే దాటుతుంది. ఈగలు మైనంతో మూత వేసిన పట్టునే, తేనె గదిలోని చట్రాల నుంచి మాత్రమే, తిప్పే యంత్రంతో తీయండి. పిల్ల గదిలోని తేనె ఈగలది, దాని జోలికి వెళ్లకూడదు. కాఫీ తోటలో మందు కొట్టవలసి వస్తే పూత రోజులలో కొట్టకండి, తప్పనిసరైతే ఈగలు ఇల్లు చేరిన తరువాత, చీకటి పడ్డాక కొట్టండి. పొరుగు చేలో పట్టపగలు కొట్టిన మందుకు నేను ఒకే రోజున ముప్పయి పెట్టెల ఈగలను పోగొట్టుకున్నాను. సాయంత్రానికి పెట్టెల ముందు నేల నల్లగా పరుచుకుపోయి ఉంది, వాటిని చేటతో ఎత్తి పూడ్చాను.

విశ్రాంత కీటక శాస్త్ర అధ్యాపకుడు

రైతు గారూ, మీ నాలుగు పెట్టెలలో చనిపోయిన పిల్లలు ఎలా కనిపించాయో ఇంకా వివరంగా చెప్పి ఉంటే బాగుండేది. ఈసారి కనబడితే ఇలా చూడండి. మూత పడే వయసు పిల్ల అరలో వెల్లకిలా చాచుకుని, తల కొద్దిగా పైకి లేచి, పడవ ముందు భాగంలా కనబడుతుంది. దానిని సూది మొనతో మెల్లగా ఎత్తితే చర్మం చిట్లకుండా, లోపల నీరు నిండిన చిన్న సంచిలా వేలాడుతూ వస్తుంది. అలా వస్తే అది థాయ్ సంచి పిల్ల రోగం. ఎత్తినప్పుడు తీగలా సాగి, దుర్వాసన వస్తే అది వేరే రోగం. పట్టులో సొరంగాలు, బూజు గూడు లాంటి దారాలు ఉంటే అది మైనపు పురుగు పని, అది రోగం కన్నా కుటుంబం బలహీనపడిందనడానికి గుర్తు.

కుళిత్తురై నివాసి గారి యజమాని అభిప్రాయాన్ని గౌరవిస్తూనే ఒక సవరణ చెప్పవలసి ఉంది. మార్తాండం ఈగలను తుడిచిపెట్టినది ఈ సంచి పిల్ల రోగమే, దీనికి కారణం ఒక వైరస్. ఈ వైరస్‌ను 1976లో థాయ్‌లాండ్‌లో మన పుట్ట తేనెటీగ జాతిలోనే గుర్తించారు. మన దేశంలో 1978లో ఈశాన్య ప్రాంతంలో కనబడింది, అక్కడి నుంచి క్రమంగా దక్షిణానికి చేరింది. ఇటాలియన్ ఈగను 1960ల మొదట్లో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో స్థిరపరిచారు, అంటే ఈ వైరస్ మన దేశంలో కనబడడానికి చాలా ముందే. ఈ రెండు సంగతులూ పెద్దాయన మనసులో కలిసిపోయి ఉండవచ్చు. వైరస్ ఒకచోటి నుంచి మరోచోటికి ముఖ్యంగా జబ్బు పెట్టెలను తరలించడం వల్ల, దోపిడీ ఈగల వల్ల, ఒకే పనిముట్లు అన్ని పెట్టెలకూ వాడడం వల్ల పాకుతుంది. వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి కుటుంబాలను తెప్పించవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. మీ పది పెట్టెలూ మీ తోటకే కాదు, మీ చుట్టూ ఉన్న అడవిలోని తొర్రలకు కూడా ముప్పు తెచ్చి ఉండవచ్చు. దయచేసి ఆ ఏడు పెట్టెల పాత పట్లను కాల్చివేయండి, చెక్కలను మరిగే చాకలి సోడా నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి.

ఈ రోగానికి మందు లేదు. తెలిసిన ముఖ్యమైన ఉపాయం ఇది: రాణిని రెండు మూడు వారాలు బోనులో పెట్టి గుడ్లు పెట్టనీయకపోతే, కొత్త పిల్లలు లేక రోగం గొలుసు తెగుతుంది, కూలి ఈగలు చచ్చిన పిల్లలను లాగి పారవేసి అరలను శుభ్రం చేస్తాయి. శుభ్రం చేసే గుణం అన్ని కుటుంబాలకూ సమానంగా ఉండదు. మార్తాండం పెద్దలు మిగిలిన నాలుగింటినే విడదీసి పెంచారంటే, చదువు లేకపోయినా వారు చేసింది జాతి ఎంపికే.

మీ మిగిలిన రెండు పెట్టెలను తోటకు దూరంగా పెట్టి, కొత్త కుటుంబాలను మీ కొండల నుంచే పట్టుకోండి. వలిసె, కుంకుడు, మామిడి, కాఫీ, సిల్వర్ ఓక్, కానుగ అని మీకు నవంబరు నుంచి మే దాకా ఒకదాని తరువాత ఒకటిగా పూత ఉంది. దానికి అలవాటు పడిన ఈగ మీ తొర్రలలోనే ఉంది. చలిలో ఎలా ముడుచుకోవాలో కూడా దానికి తెలుసు. మీ మేనమామ గారికి పట్టు ఎక్కడుందో తెలుసు కనుక సగం పని అయినట్టే. అరబికా కాఫీ తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాని, ఈగలు తిరిగిన తోటలో కాపు మెరుగ్గా ఉంటుంది. కాబట్టి తేనె తక్కువ వచ్చిన ఏడాది కూడా పెట్టెలు వృథా కావు.

పాడేరు కాఫీ రైతు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాకం పెట్టలేదు, కుళిత్తురై వారు ఊహించినది నిజమే. వలిసె పోయాక అడవిలో ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకున్నాను. చచ్చిన పిల్లలను నేను గోటితో ఎత్తి చూశాను, అవి నీటి సంచుల్లానే ఉన్నాయి. పాత పట్లన్నీ నిన్న కాల్చేశాను.

మా మేనమామకు ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. పిల్ల పట్టును పిండకూడదన్న మాట దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, వాగు అవతల మద్ది చెట్టు తొర్రలో ఒక పట్టు ఉందని, దానిని ముట్టకుండా మూడేళ్లుగా వదిలేశానని చెప్పారు. దానిని పెట్టెలోకి దించడానికి ఇద్దరం వెళ్దామనుకుంటున్నాము. ఎలా దించాలో ఎవరైనా చెబుతారా?

కుళిత్తురై నివాసి

మా యజమాని చేసినట్టు చెబుతాను. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి, ఎండ తగ్గుతుంది, ఈగలు చీకటికి ముందు సర్దుకోవడానికి సమయం ఉంటుంది. తొర్ర ద్వారాన్ని అవసరమైనంత మాత్రమే వెడల్పు చేసి, రెండు మూడు ఊదుల పొగ వేయండి. తేనె ఉన్న పై భాగాన్ని వేరుగా కోసి పక్కన మూత పెట్టిన గిన్నెలో ఉంచండి, లేకపోతే అది కారి ఈగలు తడిసి చస్తాయి. పిల్ల పట్లను ఒక్కొక్కటిగా, అడుగు భాగం పైకి తిరగకుండా, అవి తొర్రలో ఎలా వేలాడేవో అలాగే చట్రంలో నిలిపి, తడిపిన అరటి నారతో రెండు చోట్ల కట్టండి. ఇనుప తీగ, ప్లాస్టిక్ దారం వద్దు. ఈగలు పట్టును చట్రానికి అతికించాక అరటి నారను అవే కొరికి బయట పారేస్తాయి.

రాణి కనబడితే ఆమెను చిన్న బోనులో పెట్టి పిల్ల పట్ల మధ్య ఉంచండి, మిగతా ఈగలు వెతుక్కుంటూ వస్తాయి. కనబడకపోతే తొర్రలో మూలకు చేరిన ఈగల ముద్దను దోసిలితో మెల్లగా ఎత్తి పెట్టెలో పోయండి, రాణి ఎక్కువగా ఆ ముద్దలోనే ఉంటుంది. పెట్టెలోని ఈగలు ద్వారం దగ్గర తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ ఉంటే రాణి లోపల ఉన్నట్టే. చీకటి పడ్డాక ద్వారానికి రాణి అడ్డు (కూలి ఈగలు దూరగలిగి, రాణి దూరలేని సన్న సందుల పలక) బిగించి పెట్టెను ఇంటికి తీసుకురండి. ఆ అడ్డును వారం రోజులు తీయకండి, ఆ వారమూ రోజూ సాయంత్రం అర గ్లాసు పాకం పెట్టండి, పదే పదే మూత తీసి చూడకండి.

తొర్రలో చేతి వెడల్పు పట్టు ఒకటి వదిలేసి, ద్వారాన్ని బంకమట్టితో మునుపటంత సన్నం చేసి రండి. ఆ మైనం వాసనకు వచ్చే ఏడు మరో గుంపు ఆ తొర్రకే చేరే అవకాశం ఉంది. కొన్ని తొర్రలకు మా యజమాని ముప్పయ్యేళ్లుగా వెళ్తుండేవారు.